ఇవాళ ఎన్ని పాదాలు

మే 5, సోమవారం

క్లబ్బు సెక్రటరీ గారు ఇవాళ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి రెండు బాంబులు పేల్చారు. ఒకటి, నా లైసెన్సు రెన్యువల్ కావాలంటే "నా కోచింగ్ ఫిలాసఫీ" అని ఓ పేజీ రాసివ్వాలట. రెండోది, ఈ నెలాఖర్న జరిగే క్లబ్బుల పోటీల్లో మా ఆడవాళ్ళ రిలే టీము ఫైనల్‌కి చేరకపోతే టీముని ఎత్తేసి, మా సాయంత్రం ట్రాక్ టైము ఫుట్‌బాల్ వాళ్ళకి ఇచ్చేస్తారట. రెండూ ఒకే నవ్వు మొహంతో చెప్పారు. ఆ మనిషికి టీ ఇచ్చినా అదే నవ్వు, మన ట్రాక్ లాక్కున్నా అదే నవ్వు.

ఎనిమిదేళ్ళుగా కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్న టీము. పోతే నేను సాయంత్రాలు ఏం చెయ్యాలి? ఇంట్లో కూచుని మా ఆయన్ని పరిగెత్తించాలి.

ఆయన్నే అడిగా, మీ ఫిలాసఫీ ఏంటని. పాతికేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో జనానికి కారు నేర్పుతున్న మనిషి కదా, ఏమన్నా చెప్తారనుకున్నా. "నా సీటు ముందు కూడా ఓ బ్రేకుంటుంది. అది తొక్కకుండా కూచోడమే నా ఉద్యోగం" అన్నారు. మరి జీతం దేనికిస్తున్నారు అన్నా. "తొక్కకుండా కూచున్నందుకే" అన్నారు. ఈయనతో ఏం మాట్లాడినా ఇంతే.

పేజీ నేనే మొదలుపెట్టా. "స్టాప్‌వాచీ అబద్ధం చెప్పదు." భలే కుదిరింది. మిగతాది రేపు.

మే 6, మంగళవారం

రెండో వాక్యం రాలేదు.

మే 8, గురువారం

పేజీలో టీము గురించి రాద్దామని కూచున్నా. మొదట నర్సు, తర్వాత టైలరు, మూడో మనిషి బస్సు కండక్టరు, చివర కాలేజీ పిల్ల. ఈ నలుగురూ తలో వంద మీటర్లు పరిగెత్తి బేటన్ ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి అందించాలి. ఐదోది బ్యాంకమ్మాయి, రిజర్వు. ప్రతి శనివారం ఐదుగురినీ విడివిడిగా పరిగెత్తిస్తా. వాచీలో ఎవరు వెనకబడితే వాళ్ళు ఆ వారం రిజర్వు. బోర్డు మీద పేర్లు రాస్తా, అందరూ చూసేట్టు. అందరికీ కొంచెం భయం ఉండాలి. భయమంటే భయం కాదు, శ్రద్ధ.

నేను అరుస్తానని క్లబ్బులో ఓ పుకారుంది. నేను అరవను. నా గొంతే అంత.

టైలరు దగ్గర్నించి కండక్టరు అందుకునే చోట అంతా గందరగోళం. టైలరు ఇంకా దూరంగా ఉండగానే కండక్టరు పరుగు మొదలెట్టేస్తోంది. ఇవాళ రెండుసార్లు బేటన్ కింద పడింది. "ఎందుకమ్మా అంత తొందర, నీ బస్సేమన్నా వెళ్ళిపోతోందా" అన్నా. అందరూ నవ్వారు. టైలరు నవ్వలేదు. నలభై దాటిన మనిషి, నా టీములో నాకంటే పాతకాపు, ఈ మధ్య జోకులకి నవ్వడం మానేసింది. వయసు మీద పడుతోందేమో.

మే 9, శుక్రవారం

నా టేపు ముక్క ఎవరో జరిపారు.

కండక్టరు నిలబడే చోటికి సరిగ్గా ఇరవై పాదాల వెనక, ట్రాక్ మీద నిన్న నా చేత్తో అంటించా. ఇవాళ వచ్చి చూద్దును కదా, పద్దెనిమిది దగ్గరుంది. మడమకి వేళ్ళు ఆనించుకుంటూ రెండుసార్లు కొలిచా.

ఇది ఖచ్చితంగా ఫుట్‌బాల్ వాళ్ళ పనే. టీము పోకముందే ట్రాక్ ఆక్రమించేస్తున్నారు.

మే 10, శనివారం

ఫుట్‌బాల్ కోచ్‌ని కడిగేశా. ఆయన బంతి చంకలో పెట్టుకుని, "ఆ టేపు ముక్కతో మాకేం పని మేడం, అసలదేంటి?" అన్నాడు. చెప్పా. బేటన్ తెచ్చే మనిషి ఆ టేపు దాటగానే అందుకునే మనిషి పరుగు మొదలుపెట్టాలి, ఇక వెనక్కి తిరిగి చూడకూడదు, చెయ్యి మాత్రం వెనక్కి చాపాలి. ఇద్దరూ ఊపులో ఉండగా బేటన్ చేతులు మారాలి. టేపు మరీ వెనక ఉంటే ముందు మనిషి అందకుండా పోతుంది. మరీ దగ్గరుంటే వెనకామె వచ్చి గుద్దుకుంటుంది. హద్దు గీత దాటాక బేటన్ చేతులు మారితే టీము మొత్తం అవుట్.

"వెనక్కి చూడకుండా ఎలా నమ్ముతారండీ?" అన్నాడు.

"నమ్మడమేంటి, కొలతుంది కదా" అన్నా.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. ఎందుకో అర్థం కాలేదు. టేపు మళ్ళీ ఇరవై దగ్గర అంటించి, మీద కాలితో తొక్కి మరీ వచ్చా.

ఇవాళ్టి శనివారం పరుగు వాన వల్ల జరగలేదు.

మే 12, సోమవారం

ఇవాళ బేటన్ వెన్నలో కత్తిలా దిగిపోయింది. టైలరు నుంచి కండక్టరుకి మూడుసార్లు, మూడూ ముచ్చటగా. గురువారం నేను గట్టిగా చెప్పినందుకే. రెండో వాక్యం దొరికింది: "గట్టిగా చెప్తే ఎవరికైనా ఎక్కుతుంది."

మే 13, మంగళవారం

టేపు పదహారు దగ్గరుంది. నిన్న ప్రాక్టీసయ్యాక చూస్తే పద్దెనిమిది, ఇవాళ పదహారు. ఫుట్‌బాల్ వాళ్ళు శనివారం నుంచి వేరే ఊళ్ళో మ్యాచులాడుతున్నారని వాచ్‌మన్ చెప్పాడు. నేను కడిగేసింది వాళ్ళు బయల్దేరబోతుండగా అన్నమాట. పాపం.

మరి జరిపేది ఎవరు? గడ్డి కోసే మిషనా? దయ్యమా?

మే 15, గురువారం

దయ్యం కాదు.

ఇవాళ గంట ముందే వెళ్ళి హర్డిల్స్ దొంతర వెనక నక్కి కూచున్నా. నా వయసుకీ నా హోదాకీ తగని పని. మోకాళ్ళు పట్టేశాయి. కాసేపటికి కండక్టరు డ్యూటీ బట్టల్లోనే వచ్చింది, వెనకే టైలరు. నా టేపు దగ్గర ఆగారు.

"ఇవాళ ఎన్ని పాదాలక్కా?" అంది కండక్టరు.

"పదిహేడు పెట్టు. పొద్దుట్నుంచీ ప్యాంట్లే. కాళ్ళు లాగేస్తున్నాయి."

"సోమవారం పద్దెనిమిదన్నావుగా."

"ఆ రోజు సగం పూట కాజాలు, బొత్తాలు. చేతి పని కదా, కాళ్ళకి కాస్త సెలవు."

కండక్టరు వంగి నా టేపు పీకి, పదిహేడు పాదాలు కొలిచి అంటించింది. టైలరు ఇంటి దగ్గర తొక్కుడు మిషను మీద స్కూలు యూనిఫాంలు కుడుతుంది. స్కూళ్ళు తెరిచే ముందు ఇదే సీజను. రోజంతా మిషను తొక్కి సాయంత్రం నా ట్రాక్ మీదికొస్తోంది. వచ్చేది నెమ్మదైతే టేపు దగ్గరికి జరగాలి, అంతే లెక్క. ఏ రోజు కాళ్ళని బట్టి ఆ రోజు టేపు.

నేను లేచి నిలబడ్డా. అంటే లేవబోయా, ఓ హర్డిల్ మీద పడింది. ఇద్దరూ కెవ్వుమన్నారు.

"నా టేపు నాకు తెలీకుండా జరుపుతారా మీరు?" అన్నా. ఇది మాత్రం అరిచా, ఒప్పుకుంటున్నా.

టైలరు తల దించుకుంది. కండక్టరు దించుకోలేదు. రోజుకి వెయ్యి మందితో చిల్లర కోసం పోట్లాడే మనిషి, నేనో లెక్కా?

"చెప్తే శనివారం బోర్డు మీద అక్క పేరు రిజర్వులోకి పోతుంది కదా మేడం. అందుకని చెప్పలేదు" అంది.

"జూన్ వచ్చేదాకే మేడం" అంది టైలరు. "స్కూళ్ళు తెరిస్తే నా కాళ్ళు మళ్ళీ నావే."

ఇవాళ ప్రాక్టీసు లేదు, ఇంటికి పొమ్మన్నా. నేనూ వచ్చేశా.

మే 16, శుక్రవారం

తప్పు వాళ్ళిద్దరిదే. నాది కాదు.

మే 17, శనివారం

విడివిడి పరుగులు పెట్టించా. టైలరు ఆఖరు. బ్యాంకమ్మాయి ఆమె కంటే బాగా ముందుంది. రూలు రూలే కదా. బోర్డు మీద టైలరు పేరు రిజర్వులో రాశా. ఆమె ఏమీ అనలేదు. బెంచీ మీద కూచుని తన నీళ్ళ సీసా మూత బిగిస్తూ, విప్పుతూ, మళ్ళీ బిగిస్తూ ఉంది.

తర్వాత బ్యాంకమ్మాయిని టీములో పెట్టి నలుగురినీ కలిపి పరిగెత్తించా, టేపు నా ఇరవై దగ్గరే. బేటన్ మొదటి గీత నుంచి చివరి గీత దాకా ఎంతసేపట్లో వచ్చిందో చూశా. తర్వాత టైలరుని పెట్టి, టేపు వాళ్ళిష్టానికి వదిలేసి చూశా. టైలరున్న టీమే త్వరగా వచ్చింది. ఇంకోసారి చూశా. మళ్ళీ అదే. వాచీకి బ్యాటరీ మార్చా. అయినా అదే.

మనుషుల్ని కొలుస్తున్నా ఇన్నేళ్ళూ. పరిగెత్తాల్సింది బేటన్ కదా.

ఇది ఎవరికీ చెప్పలేదు. బోర్డు మీద పేరు తుడిచేసి, సోమవారం చూద్దాం అన్నా.

మే 19, సోమవారం

స్కూటరు పాడైంది. మా ఆయన డ్రైవింగ్ స్కూలు కారులో వెనక సీట్లో కూచుని క్లబ్బుకెళ్ళా. నేర్చుకునే అబ్బాయి స్టీరింగు పట్టుకున్న తీరు చూస్తే నాకు ఇంటి వాళ్ళందరూ గుర్తొచ్చారు. మూల మీద ఎదురుగా లారీ. నేను కళ్ళు మూసుకున్నా. మా ఆయన చాలా నెమ్మదిగా, "అద్దంలో ఏం కనపడుతోంది బాబూ?" అన్నారు. ఆ అబ్బాయి చూసుకుని, తనే ఆపాడు.

నేను సీట్ల మధ్యనించి తొంగి చూశా. మా ఆయన పాదం బ్రేకు మీద లేదు, బ్రేకు పక్కన గాల్లో ఉంది. గజగజా వణుకుతోంది. ఇన్నాళ్ళూ ఈయనకి చీమ కుట్టినట్టైనా ఉండదనుకున్నా. ఇంటికొచ్చాక అడిగితే, "భయమెందుకుండదు? వాడికి కనపడకూడదంతే" అన్నారు. నాకెందుకో ఆయనకి రెండో కప్పు కాఫీ ఇవ్వాలనిపించింది, ఇచ్చా. ఏం కావాలి నీకు అని అడిగారు, అనుమానంగా.

మే 20, మంగళవారం

గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ, "ఇవాళ ఎలా ఉన్నావమ్మా?" అని అడిగా.

కాలేజీ పిల్ల వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవర్నో అడుగుతున్నాననుకుని. నర్సు నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమన్నా ఉందా అని చూసింది. కండక్టరు "బాగున్నా" అంది. టైలరు "బాగున్నా మేడం" అంది, కుంటుతూ. ఐదుగురికి ఐదుగురూ బాగున్నారు. ఇంత ఆరోగ్యమైన టీము భూమ్మీద ఇంకోటి లేదు.

మే 21, బుధవారం

మళ్ళీ అడిగా. మళ్ళీ అందరూ బాగున్నారు.

మే 22, గురువారం

ఇవాళ చెప్పేశా. శనివారం బోర్డు ఇక ఉండదు. వాచీ ఉంటుంది, ఎవరి టైము వాళ్ళకి చెవిలో చెప్తా. టేపు ఎక్కడుండాలో ఇచ్చే మనిషీ, అందుకునే మనిషీ కలిసి చెప్పుకోండి, నా ముందే చెప్పుకోండి, హర్డిల్స్ వెనక కూచునే ఓపిక నాకిక లేదు అన్నా.

అప్పుడు కాలేజీ పిల్ల, "నిన్న పరీక్ష పోయింది మేడం. బుర్ర పనిచెయ్యట్లేదు, చెయ్యి ఎక్కడ చాపాలో కూడా తెలీట్లేదు" అంది. ఏడవబోయి నవ్వేసింది. నీకు ఇవాళ అందుకోవడాలొద్దు, ఊరికే నాతో నడువు అన్నా. రెండు రౌండ్లు నడిచాం. దాని కష్టాలన్నీ విన్నా. నా నోరు అంతసేపు మూసుకుని ఉండటం నాకే కొత్త.

బ్యాంకమ్మాయికి మాత్రం కోపం వచ్చింది. "అందరి మంచీ చూస్తున్నారు, నా సంగతేంటి మేడం? వాచీలో నేను అక్క కంటే ముందున్నా. బోర్డు ఉన్నన్నాళ్ళూ నాకో ఆశుండేది" అంది. నిజమే కదా. ఇదో తలనొప్పి. ఒకరికి మంచి చేద్దామంటే ఇంకొకరికి అన్యాయం. ఏం చెప్పాలో తెలీలేదు, తెలీదనే చెప్పా. రోజూ కండక్టరుతో నువ్వు కూడా అందివ్వడం నేర్చుకో, నీ అవసరం పడిన రోజు కొత్తదానిలా దిగకూడదు అన్నా. ఆ మాట ఆమెకి నచ్చలేదు. కానీ నేర్చుకోవడానికి ఆగింది.

మే 24, శనివారం

టైలరు గేటు దగ్గరే, నేను అడక్కముందే, "పదిహేనే మేడం ఇవాళ, చచ్చిపోతున్నా" అంది. కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇంటికి పంపించేశా. మొదటిసారి అబద్ధం చెప్పలేదు నాతో. ఇంటికొచ్చేదాకా కూనిరాగాలు తీశానట, మా ఆయన అన్నారు.

మే 26, సోమవారం

పేజీ ఇచ్చేశా. పాత వాక్యాలు రెండూ కొట్టేశా. ఇదీ రాసింది:

"పరిగెత్తే మనిషికి ఆ రోజు తను ఎలా ఉందో అందరికంటే ముందు తెలుస్తుంది. అది నాతో చెప్పడానికి భయపడకుండా చూసుకోవడం నా పని. మిగతాది వాచీతో చూసుకుంటాను."

సెక్రటరీ గారు అటూ ఇటూ తిప్పి చూశారు. "పేజీ అన్నాం కదండీ. ఇది మూడు వాక్యాలుంది."

"అక్షరాలు పెద్దవి చెయ్యమంటారా?"

కాసేపు ఆలోచించి, "చెయ్యండి" అన్నారు, అదే నవ్వుతో. అక్కడే కూచుని పేజీ నిండేట్టు రాసిచ్చా. చిన్నపిల్లల పలక మీద అక్షరాల్లా ఉన్నాయి. సంతకం పెట్టేసుకున్నారు.

మే 29, గురువారం

టైలరు యూనిఫాంలన్నీ స్కూలుకి అప్పజెప్పేసింది. రేపంతా నిద్రపోతానంది. పొమ్మన్నా.

ఎల్లుండే హీట్స్, అదే ఫైనల్‌కి ముందు వడపోత పరుగులు. నాకు నిద్ర లేదు.

మే 31, శనివారం

వరసగా రాస్తా.

మా హీట్‌లో ఆరు టీములు. మొదటి మూడు ఫైనల్‌కి. నాలుగో స్థానం వచ్చినా మా కథ అక్కడితో సరి.

వార్మప్‌లో కండక్టరు టేపు పట్టుకుని నిలబడి అడిగింది, "అక్కా, ఎన్ని?"

టైలరు రెండడుగులు గెంతి చూసుకుంది. మొహం వెలిగిపోతోంది. "ఇరవై రెండు" అంది.

నెల రోజులుగా పదిహేను, పదిహేడు అన్న మనిషి, ఒక్క రోజు నిద్రకే ఇరవై రెండా? నా సొంత కొలతే ఇరవై. పొరపాటైతే కండక్టరు ముందే వెళ్ళిపోతుంది, హద్దు దాటిపోతుంది, టీము అవుట్, ట్రాక్ పోయినట్టే. ఇరవై పెట్టండి అనే మాట నాలుక చివర ఉంది. కండక్టరు నా వైపు చూసింది. టైలరు కూడా.

"మీరిద్దరూ ఒప్పుకున్నారుగా, సరే" అన్నా. నా గొంతు నాకే వినపడలేదు. కుడికాలి వేళ్ళు బూటులో బిగుసుకుపోయాయి. మా ఆయన ప్రాణానికి ఎంత కష్టమో నాకు ఇవాళ తెలిసింది.

నర్సు బాగా మొదలుపెట్టింది. టైలరు అందుకుంది. అందుకుని పరిగెత్తింది కదా, ఏమని రాయను, నాలుగేళ్ళ కిందటి టైలరు. టేపు దాటింది. కండక్టరు కదిలింది, వెనక్కి చూడలేదు, చెయ్యి చాపింది. హద్దు గీతకి ఓ మూరెడు ఇవతల బేటన్ ఆ చేతిలో పడింది. నేను ఎవరిదో తెలీని భుజం పట్టుకుని ఊపేశా. తర్వాత చూస్తే ఫుట్‌బాల్ కోచ్. మాకోసమే వచ్చాడట. కాలేజీ పిల్ల మూడో స్థానంలో గీత దాటింది.

ఫైనల్. టీము ఉంది. ట్రాక్ మాది.

సెక్రటరీ గారు దగ్గరికొచ్చి నవ్వారు. ఇవాళ మాత్రం ఆ నవ్వు నాకు నచ్చింది.

జూన్ 1, ఆదివారం

ఫైనల్లో తొమ్మిది టీముల్లో ఆరో స్థానం. బోలెడు సంతోషం. కానీ రాయాలనుకున్నది పొద్దున జరిగింది.

నేను ట్రాక్ ఈ చివర నిలబడి ఉన్నా. అవతలి చివర టైలరు కాళ్ళు సాగదీసుకుంటోంది. ఆగిపోయింది. పిక్క పట్టుకుంది. చుట్టూ చూసింది, ఎవరూ గమనించట్లేదు. నేను తప్ప. వెళ్ళాలా వద్దా అనుకుంటున్నా. ఇరవై ఏళ్ళుగా పరిగెత్తుతోంది, ఇంతవరకూ ఒక్క ఫైనల్ చూడలేదు. గ్యాలరీలో వాళ్ళాయనా, పిల్లలూ ముందు వరసలో కూచున్నారు. ఏమీ లేనట్టు నిలబడి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నేనైతే చెప్పేదాన్ని కాదు.

ఆమె నడవడం మొదలుపెట్టింది. నా వైపే. కుంటుతూ మొత్తం మైదానం దాటి వచ్చింది. మధ్యలో వాళ్ళ పిల్లలు చెయ్యి ఊపితే తిరిగి ఊపింది కూడా.

"నిన్న ఎక్కువ పరిగెత్తేశా మేడం. పిక్క పట్టేసింది. నన్ను తీసెయ్యండి, బ్యాంకమ్మాయిని పెట్టండి" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి కానీ గొంతు తిన్నగానే ఉంది. తనే వెళ్ళి బ్యాంకమ్మాయి చేతికి బేటన్ ఇచ్చి, "కండక్టరు చెయ్యి కొంచెం కిందకి చాపుతుంది, చూసుకో" అని చెప్పింది. బ్యాంకమ్మాయి ఆమెని కావలించుకుని వదల్లేదు.

సరే అన్నా, అంతే. గ్యాలరీ వెనక్కెళ్ళి కాసేపు ఏడ్చా. టీము మిగిలినందుకు నిన్న కూడా ఇంత ఏడవలేదు. ముఖం కడుక్కుని వచ్చేసరికి ఆమె బెంచీ మీద నాకు చోటు ఉంచి కూచునుంది. పక్కన కూచున్నా. రేసంతా నా చెయ్యి పట్టుకునే ఉంది, నా కంటే గట్టిగా అరిచింది.